ఇటుక బట్టీల్లో వెట్టి: గుడి, చర్చి, మసీదు సంఘాల నుంచి తరచుగా వచ్చే ప్రశ్నలు

హైదరాబాద్ చుట్టుపక్కల జిల్లాల్లోనూ పెద్దపల్లి ప్రాంతంలోనూ ఏటా నవంబరు నుంచి జూన్ దాకా బట్టీలు నడుస్తాయి. పశ్చిమ ఒడిశాలోని బలంగీర్, నువాపడా, కలహండి జిల్లాల నుంచి కుటుంబాలకు కుటుంబాలే అక్కడికి వచ్చి పనిచేస్తాయి. వాళ్లలో ఎవరైనా అడ్వాన్సు అప్పు వల్ల వెట్టిలో చిక్కుకుంటే, బట్టీకి దగ్గర్లో ఉన్న ప్రార్థనా మందిరానికి ఆ సంగతి అధికారుల కన్నా ముందే తెలుస్తుంది. తెలిశాక ఏం చేయాలన్న దగ్గరే అందరూ ఆగిపోతారు. ఈ ప్రశ్నలూ జవాబులూ వాళ్ల కోసమే.

ఇది అసలు మతసంఘం చేయాల్సిన పనేనా? ప్రభుత్వం లేదా?

ప్రభుత్వం చేయాల్సిన పనే. అయితే దాని చేత ఆ పని చేయించినవాళ్లలో సన్యాసులూ ఉన్నారు. శ్రీకాకుళంలో పుట్టిన వేప శ్యామరావు ఆర్యసమాజంలో చేరి స్వామి అగ్నివేశ్ అయ్యారు. హర్యానాలో విద్యామంత్రిగా చేసి బయటికొచ్చి, 1981లో బంధువా ముక్తి మోర్చా పెట్టారు. ఫరీదాబాద్ రాతి క్వారీల కూలీల గురించి ఆ సంస్థ రాసిన ఉత్తరాన్నే సుప్రీంకోర్టు పిటిషన్‌గా తీసుకుంది. 1983 డిసెంబరు 16న వచ్చిన ఆ తీర్పు నేటికీ వెట్టి కేసులన్నిటికీ ఆధారం. బైబిల్లో లేవీయకాండం 25వ అధ్యాయం యాభయ్యో ఏడు సునాద సంవత్సరమని, ఆ ఏడు అప్పుకు అమ్ముడుపోయినవాడు తన ఇంటికి తిరిగి వెళ్లాలని చెబుతుంది. జకాత్, అంటే ముస్లింలు విధిగా ఇచ్చే దానం, ఎవరికివ్వాలో చెప్పే ఖురాన్ తౌబా సూరా 60వ ఆయతులో బానిసల విముక్తి, అప్పుల్లో మునిగినవాళ్లు రెండూ ఉన్నాయి. కాబట్టి ఏ మందిరమూ ఇది మా పని కాదని తప్పుకోవడానికి లేదు.

బట్టీలో కష్టపడే ప్రతి కుటుంబమూ వెట్టిలో ఉన్నట్టేనా?

కాదు. 1976 వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం రెండు విషయాలు చూస్తుంది. మొదటిది అడ్వాన్సు లేదా అప్పు. రెండోది, ఆ అప్పు వల్ల ఈ నాలుగింటిలో ఏదో ఒకటి జరగడం: కూలి లేకుండా లేదా నామమాత్రపు కూలికి పనిచేయాల్సి రావడం, ఇంకోచోట పని చూసుకునే స్వేచ్ఛ పోవడం, ఇష్టమొచ్చిన చోటికి వెళ్లే స్వేచ్ఛ పోవడం, తన సరుకును గాని శ్రమను గాని మార్కెట్ ధరకు అమ్ముకునే హక్కు పోవడం. అప్పుతోపాటు ఒక్కటి రుజువైనా చాలు. తాళం వేసిన గేటు, కొట్టిన దెబ్బలు ఉండి తీరాలన్న నియమం లేదు. కొందరు అధికారులు మాత్రం అవి కనిపించకపోతే వెట్టి కాదని రాసేస్తారు.

లెక్క ఎలా చూడాలో ఉదాహరణకు చెప్పుకుందాం. ఆగస్టు, సెప్టెంబరుల్లో పశ్చిమ ఒడిశా కొత్త పంట పండగ నువాఖాయి చుట్టూ సర్దార్, అంటే కూలీల ఏజెంటు, ఒక కుటుంబానికి 45,000 రూపాయలు ఇచ్చాడు. భర్త, భార్య, పదహారేళ్ల కొడుకు ఒక జట్టు. వెయ్యి ఇటుకలకు 500 చొప్పున రేటు. తెల్లవారుజామున మొదలుపెట్టి ముగ్గురూ కలిసి వెయ్యి కోస్తే, ముగ్గురికీ కలిపి రోజుకు 500. అందులోంచి వారానికోసారి తిండికి ‘ఖొరాకీ’ అని కొంత చేతికిస్తారు, మిగతాది అడ్వాన్సులో కోత పెడతారు. వాన పడి పచ్చి ఇటుక కరిగిపోతే ఆ రోజు లెక్కలోకే రాదు. ఇక ముగ్గురికీ విడివిడిగా కనీస వేతనం ఎంత రావాలో కట్టి చూడండి. కనీస వేతనం కన్నా తక్కువకు చేయించుకునే పని రాజ్యాంగం 23వ అధికరణం నిషేధించిన బలవంతపు చాకిరీయేనని 1982లో ఆసియా క్రీడల కూలీల కేసులో సుప్రీంకోర్టు తేల్చింది.

‘మా ఊళ్లో ఏడాది జీతానికి కుదిరిన పాలేరు ఉన్నాడు, అది వేరు కదా’ అంటారు కొందరు. పాలేరు, వెట్టి, భగేలా అన్న పేర్లు 1976 చట్టంలోనే రాసి ఉన్నాయి.

చందాలు పోగుచేసి ఆ అప్పు మేమే కట్టేసి కుటుంబాన్ని విడిపించవచ్చా?

అన్నిటికన్నా ఎక్కువగా వచ్చే ప్రశ్న ఇదే. మంచి మనసుతో చేసే అతి పెద్ద పొరపాటు కూడా ఇదే. దయచేసి కట్టకండి.

చట్టంలోని సెక్షన్ 6 ప్రకారం ఆ అప్పు రద్దయిపోయింది. సెక్షన్ 9 ప్రకారం రద్దయిన అప్పు కింద డబ్బు పుచ్చుకోవడమే నేరం, మూడేళ్ల దాకా జైలు. మీరు 45,000 కడితే ఆ డబ్బుతోనే సర్దార్ వచ్చే సీజనుకు ఇంకో కుటుంబాన్ని తెస్తాడు. విడిపించిన కుటుంబం చేతిలో విడుదల ధ్రువపత్రం, అంటే వెట్టి నుంచి విడుదలైనట్టు అధికారి ఇచ్చే పత్రం, ఉండదు. అది లేకపోతే పునరావాస సాయం రాదు, కేసు ఉండదు. వచ్చే నువాఖాయికి మళ్లీ అప్పు కోసం చూడాల్సిందే. పైగా, అప్పు తీర్చాకే వెళ్లాలన్న యజమాని మాట నిజమేనని పక్క గుడిసెలవాళ్లంతా నమ్ముతారు.

మీ డబ్బు విడుదలయ్యాక అవసరం. బస, తిండి, వైద్యం, ఊరెళ్లాక మొదటి మూడు నెలల ఖర్చు, కోర్టు వాయిదాలకు రానుపోను చార్జీలు, వీటికి ప్రభుత్వ నిధి సమయానికి రాదు. జకాత్ నిధి ఉన్న కమిటీలు కూడా యజమాని చేతికి కాకుండా విడుదలైన కుటుంబం చేతికే ఇవ్వాలి. బట్టీ అడ్వాన్సుతో సంబంధంలేని ఆసుపత్రి అప్పు, ఊళ్లో వడ్డీ అప్పు ఉంటే వాటిని తీర్చే సంగతి మీ ఆలిమ్‌ను, అంటే మతపండితుడిని, అడిగి నిర్ణయించుకోండి.

మాకు అనుమానం వచ్చింది. మొదట ఏం చేయాలి?

బట్టీలోకి గుంపుగా వెళ్లకండి. ఫోన్లు ఎత్తి వీడియోలు తీయకండి. ఆదివారం సంతలో, కిరాణా కొట్టు దగ్గర, ఆరోగ్య కేంద్రంలో, వాళ్లు ప్రార్థనకు వస్తే అక్కడే నిదానంగా మాట్లాడండి. చాలామంది సంబల్‌పురి మాట్లాడతారు. తెలుగూ హిందీ కలిపి మాట్లాడితే వాళ్లు అన్నిటికీ అవునంటారు, మీరు అర్థమైందనుకుంటారు. ఆ భాష వచ్చిన మనిషి కావాలి, ఆ మనిషి సర్దార్ బంధువు కాకూడదు. ఆడవాళ్లతో ఆడవాళ్లే విడిగా మాట్లాడాలి.

కుటుంబానికొక కాగితం పెట్టుకోండి. అడ్వాన్సు ఎంత, ఎవరిచ్చారు, ఏ ఊళ్లో, ఏ నెలలో. ఎంతమంది వచ్చారు, పిల్లల వయసులెంత. వెయ్యికి రేటెంత, ఖొరాకీ ఎంత, చివరిసారి ఎప్పుడిచ్చారు. ఆధార్ కార్డులు, ఫోన్లు ఎవరి దగ్గరున్నాయి. ఇంట్లో చావు జరిగితే పంపారా, ఒకరిని పంపి మిగతావాళ్లను ఆపుకున్నారా. పారిపోయినవాళ్లు ఎవరైనా ఉన్నారా, వాళ్ల బంధువులకు ఏమైంది. చాలా కుటుంబాల దగ్గర చిన్న నోటుపుస్తకం ఒకటి ఉంటుంది, అందులో రోజువారీ ఇటుకల లెక్క, ఖొరాకీ రాసి ఉంటాయి. దాన్ని తీసుకోవద్దు, ఒప్పుకుంటే ఫొటో తీసుకోండి.

బట్టీ పేరు బోర్డు మీద ఉండకపోవచ్చు. ఇటుక మీద అచ్చేసిన అక్షరాలు చూడండి. ప్రతి బట్టీకీ తనదైన గుర్తు ఉంటుంది. ఆ అక్షరాలు, ఫోన్ మ్యాపులోని స్థానం, దగ్గర్లోని ఊరు, మండలం రాసిపెట్టుకుంటే ఆర్డీవో వాహనం దారి తప్పకుండా వెళ్తుంది. ఒకే రోడ్డు మీద ఐదారు బట్టీలు ఉన్న చోట వేరే బట్టీకి వెళ్లిపోవడం, ఈలోగా అసలు బట్టీ ఖాళీ కావడం మామూలే.

అడ్వాన్సుకు కాగితమే లేదు. ఎలా రుజువు చేయాలి?

మీరు రుజువు చేయక్కర్లేదు. అది వెట్టి అప్పు అని కూలీగాని, ఈ చట్టం కింద ఏర్పడే విజిలెన్స్ కమిటీగాని (దాని సంగతి కింద ఉంది) చెప్పినప్పుడు, కాదని రుజువు చేసే భారం సెక్షన్ 15 ప్రకారం అప్పిచ్చినవాడిదే. కూలీ బలవంతపు చాకిరీ చేస్తున్నాడని తేలితే దాని వెనక అడ్వాన్సు ఉందనే అనుకోవాలని 1983 తీర్పు కూడా చెప్పింది.

ఫిర్యాదు ఎవరికి, ఎలా ఇవ్వాలి?

జిల్లా కలెక్టర్‌కు రాసి, ఒక నకలు ఆర్డీవోకు ఇవ్వండి. చట్టం అమలు బాధ్యత వాళ్లదే. పోలీసులకూ కార్మిక శాఖకూ నకలు పంపవచ్చు, కానీ వాళ్లకే ఇచ్చి ఊరుకుంటే అది ‘కూలి తగాదా’గా మారిపోతుంది. రెండు పేజీలు చాలు. పైన చెప్పిన వివరాలు, 1976 చట్టం కింద విచారణ కోరుతున్నామన్న వాక్యం, ప్రతి మనిషికీ విడుదల ధ్రువపత్రం కావాలన్న వాక్యం తప్పనిసరి. కూలీల పేర్లు విడి కాగితం మీద రాసి కవరులో పెట్టి నేరుగా అధికారి చేతికివ్వండి. గుమాస్తాల బల్లల మీదుగా వెళ్లిన పేర్లు సాయంత్రానికల్లా బట్టీకి చేరిన సందర్భాలున్నాయి.

పిల్లలుంటే 1098, ప్రాణభయం ఉంటే 112. న్యాయ సహాయానికి 15100. వెట్టి బాధితులకు ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయవాది ఇవ్వాలని 1987 లీగల్ సర్వీసెస్ చట్టం సెక్షన్ 12 చెబుతోంది. జిల్లాలో కదలిక లేకపోతే జాతీయ మానవ హక్కుల కమిషన్‌కు రాయండి. రుసుము లేదు, కానీ ఘటన జరిగిన ఏడాదిలోపే రాయాలి.

కూలీలు ఎస్సీ, ఎస్టీలైతే అట్రాసిటీ చట్టం సెక్షన్ 3(1)(హెచ్) కూడా వేయమని ఫిర్యాదులోనే అడగండి. వెట్టి చేయించడం ఆ సెక్షన్ కింద విడి నేరం. 1976 చట్టంలో శిక్ష మూడేళ్ల దాకా జైలు, రెండు వేల దాకా జరిమానా, పైగా బెయిలబుల్. ఆ ఒక్క చట్టం మీదే ఆధారపడితే కేసు బలహీనపడుతుంది. మనుషులను తరలించి తెచ్చినట్టు ఆధారాలుంటే భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 143 వేయాలి.

బాధితులు క్రైస్తవులైన దళితులైతే?

1976 చట్టం మతాన్నీ కులాన్నీ అడగదు. విడుదల, పునరావాసం అందరికీ సమానమే. చిక్కు అట్రాసిటీ చట్టం దగ్గర వస్తుంది. 1950 నాటి షెడ్యూల్డ్ కులాల ఉత్తర్వు మూడో పేరా ఎస్సీ హోదాను మొదట హిందువులకే పరిమితం చేసింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులూ ముస్లింలూ ఇంకా బయటే ఉన్నారు. ఆ పేరా తీసేయాలని రంగనాథ్ మిశ్రా కమిషన్ 2007లో చెప్పింది, ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీ 2023 మార్చిలో తీర్మానం చేసింది, ఉత్తర్వు మాత్రం మారలేదు. గిరిజనులకు ఈ అడ్డు లేదు, మతం మారినా ఎస్టీ హోదా ఉంటుంది. కొట్టిన గాయం ఒకటే అయినప్పుడు ప్రార్థించే చోటును బట్టి రక్షణ మారడం అన్యాయం. దాని మీద చర్చిలు గట్టిగా మాట్లాడాలి. ఆ వాదనను బట్టీ కేసులో కలిపి కుటుంబం విడుదల ఆలస్యం చేయడం మాత్రం వద్దు.

విడుదల రోజున ఏ తప్పులు జరుగుతాయి?

చాలా. అధికారి యజమానిని పక్కన కూర్చోబెట్టుకుని, ‘ఇంటికెళ్తారా, ఉంటారా?’ అని కూలీలను అడుగుతాడు. బెదిరిపోయినవాళ్లు ఉంటామంటారు, ఇష్టంతోనే పనిచేస్తున్నారని నివేదిక తయారవుతుంది. వాంగ్మూలం బట్టీ బయట, యజమాని కనుచూపు దాటాక తీసుకోవాలని ముందే అడగండి, బసకు మీ హాలు ఉందని చెప్పండి.

రెండో తప్పు ‘సెటిల్‌మెంట్’. యజమాని చేత తలా కొంత ఇప్పించి, రైలెక్కించి పంపేస్తారు. అందరూ సంతోషంగానే కనిపిస్తారు, ధ్రువపత్రాలు మాత్రం ఉండవు. రావాల్సిన కూలి వేరు, వెట్టి నుంచి విడుదల వేరు. మొదటిది ఇచ్చినంత మాత్రాన రెండోది తీరిపోదు.

మూడో తప్పు కుటుంబానికి ఒక్క ధ్రువపత్రం ఇవ్వడం. భర్త పేరు రాసి ‘మరియు కుటుంబం’ అని వదిలేస్తారు. కేంద్ర పథకంలో పునరావాస సాయం మనిషికింతని ఉంటుంది. వయోజన పురుషుడికి లక్ష, మహిళకూ పిల్లలకూ రెండు లక్షలు, లైంగిక దోపిడీ, అక్రమ రవాణా వంటి తీవ్రమైన సందర్భాల్లో మూడు లక్షలు. భార్య పేరు రాయకపోతే ఆమె రెండు లక్షలు ఎగిరిపోయినట్టే. ఇటుక కోసిన ప్రతి చేతికీ ఒక పత్రం ఉండాలి.

నాలుగోది పేర్లు. ఆధార్‌లో ఒకలా, పత్రంలో తెలుగు ఉచ్చారణను బట్టి ఇంకోలా ఉంటే డబ్బు ఖాతాకు చేరదు. సంతకాలయ్యేలోపు ఆధార్ పక్కన పెట్టుకుని అక్షరం అక్షరం సరిచూడండి. ఊరు, బ్లాకు, జిల్లా పేర్లు ఒడిశా భాష వచ్చినవాళ్లు చదవాలి. తక్షణ సాయంగా 30,000 రూపాయల దాకా ఇచ్చే వీలు 2021లో సవరించిన పథకంలో ఉంది. దానికి కలెక్టర్ దగ్గర జిల్లా నిధి ఉండాలి. మిగతా సాయం రుజువులతోనూ కేసుతోనూ ముడిపడి ఉంటుంది గాని, తక్షణ సాయానికి తీర్పు దాకా ఆగనక్కర్లేదు. రైలెక్కేలోపే అడగండి.

మందిరం హాలులో బస ఇస్తే ఏమేం సిద్ధం చేయాలి?

విచారణ, పత్రాలు పూర్తయ్యేసరికి రెండు నుంచి ఐదు రోజులు పట్టవచ్చు. యాభై మందికి రోజుకు దాదాపు 25 కిలోల బియ్యం, వంటకూ తాగడానికీ స్నానానికీ కలిపి కనీసం 750 లీటర్ల నీళ్లు, ఇరవై మందికి ఒకటి చొప్పునైనా మరుగుదొడ్లు, ఆడవాళ్లకు తలుపు గడియపడే స్నానపు గది. పసిపిల్లలకు పాలు, శానిటరీ ప్యాడ్లు, చేతులకూ కాళ్లకూ పగుళ్ల మందు, దగ్గుకు వైద్యుడు. బొగ్గు పొడి, బూడిద పీల్చిన పిల్లలకు దగ్గు ఆగదు. రాత్రి కాపలా పెట్టండి, బయటి మనిషెవరూ ‘బంధువుని’ అంటూ లోపలికి రాకుండా చూడండి. ఫంక్షన్ హాలు, సత్రం, మదర్సా గదులు, చర్చి హాలు, ఏదైనా సరే. ప్రభుత్వానికి వెంటనే దొరకని చోటు ఇదే.

ఆ సమయంలో ప్రార్థన చేయించవచ్చా? కరపత్రాలు ఇవ్వవచ్చా?

వద్దు. వాళ్లు మీ కప్పు కింద, మీ అన్నం మీద ఆధారపడి ఉన్నారు. వద్దనే స్వేచ్ఛ లేని మనిషి ముందు పెట్టిన ప్రార్థన కూడా ఒత్తిడే. అడిగినవాళ్లు తమకు తాముగా ప్రార్థించుకోవచ్చు, వాళ్ల దేవుడికి దీపం పెట్టుకోవడానికి చోటివ్వండి. ఆచరణలో ఇంకో సంగతి ఉంది. యజమాని తరఫు వకీలు మొదట వేసే ఎత్తు ‘మతమార్పిడి కోసం తీసుకెళ్లారు’ అన్నదే. ఒక్క కరపత్రం దొరికినా కేసు దారి మళ్లుతుంది, మత గొడవగా మారి ఊరి శాంతి పోతుంది. అందుకే గుడి, చర్చి, మసీదు ముగ్గురి సంతకాలతో ఫిర్యాదు ఇవ్వడం అన్నివిధాలా మేలు. ఒడిశాలో 1967 నుంచే మతమార్పిడులపై చట్టం ఉందని, కుటుంబాలు తిరిగి వెళ్లేది అక్కడికేనని గుర్తుంచుకోండి.

ఫొటోలు కూడా అంతే. ముఖాలు కనిపించే ఫొటో ఏ వాట్సాప్ గ్రూపులోనూ పెట్టకండి.

బట్టీ యజమాని మా సంఘంలోనే పెద్ద దాత. అప్పుడెలా?

ఇది అరుదైన సంగతేం కాదు. గుడి ప్రాకారానికి, చర్చి గోడకు ఆయనే ఇటుక ఉచితంగా ఇచ్చి ఉంటాడు. ముందుగా వెళ్లి ‘నచ్చజెప్పడం’ దయగా కనిపిస్తుంది, ఫలితం మాత్రం ఆ రాత్రి లారీలో కూలీలను ఇంకో బట్టీకి తరలించడమే. ఫిర్యాదు తర్వాతే ఆయనతో మాట్లాడాలి. ఆ దాతతో బంధుత్వం, వ్యాపారం ఉన్న కమిటీ సభ్యుడికి ముందస్తు సమాచారం తెలియకూడదు.

ముందుజాగ్రత్తగా ఒక పని చేయవచ్చు. నిర్మాణానికి ఇటుక కొనే ముందు లేదా దానంగా తీసుకునే ముందు ఆ బట్టీకి కూలి రిజిస్టరు చూపమనండి. నెల నెలా బ్యాంకు ఖాతాలో కూలి పడుతోందా, పిల్లలు బడికో బట్టీ దగ్గరి పని ప్రదేశపు బడికో వెళ్తున్నారా చూడండి. ఒక్క మందిరం అడిగితే నవ్వి ఊరుకుంటారు. మండలంలోని మందిరాలన్నీ అడిగితే రిజిస్టరు రాయడం మొదలవుతుంది.

పాస్టర్ గాని పూజారి గాని ఇమామ్ గాని అధికారికంగా ఈ పనిలో ఉండే దారి ఉందా?

ఉంది, ఎవరూ వాడుకోని దారి. సెక్షన్ 13 ప్రకారం జిల్లాలోనూ సబ్ డివిజన్‌లోనూ విజిలెన్స్ కమిటీ ఉండాలి. అందులో కలెక్టర్ (సబ్ డివిజన్‌లో ఆర్డీవో) నియమించే ముగ్గురు ఎస్సీ, ఎస్టీ సభ్యులు, ఇద్దరు సామాజిక కార్యకర్తలు ఉంటారు. ఆ స్థానాలకు మీ పేర్లు ఇస్తూ కలెక్టర్‌కు రాయండి. కమిటీ ఉందా, చివరిగా ఎప్పుడు కూర్చుందని సమాచార హక్కు కింద అడగండి. వెట్టి అప్పు పేరుతో కూలీ మీద దావా వేస్తే అతని తరఫున నిలబడే బాధ్యత కూడా ఆ కమిటీదే.

విదేశాల్లోని తెలుగువాళ్లు ఈ పనికి డబ్బు పంపవచ్చా?

భారత పౌరసత్వం ఉన్నవాళ్లు తమ ఆదాయంలోంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కిందికి రాదు. విదేశీ పౌరసత్వం తీసుకున్నవాళ్లు, అక్కడి చర్చిలు, ట్రస్టులు పంపితే మాత్రం విదేశీ విరాళాల నియంత్రణ చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) కింద రిజిస్ట్రేషన్ గాని ముందస్తు అనుమతి గాని ఉండాలి. 2020 సవరణ తర్వాత ఆ డబ్బు ముందు ఢిల్లీలోని స్టేట్ బ్యాంక్ మెయిన్ బ్రాంచి ఖాతాకే రావాలి, ఇంకో సంస్థకు బదిలీ చేయకూడదు, పరిపాలన ఖర్చు 20 శాతం దాటకూడదు. ‘మా రిజిస్ట్రేషన్ మీద తీసుకుని మీకిస్తాం’ అనే మాట వినకండి.

ఇంటికి వెళ్లినవాళ్లు మరుసటి ఏడాది మళ్లీ బట్టీకే వస్తున్నారు. ఏం లాభం?

ఊళ్లో పని, రేషను, చేతిలో కాస్త డబ్బు లేకపోతే వస్తారు. అది వాళ్ల తప్పు కాదు. విడుదలైన మొదటి వంద రోజులు ముఖ్యం. బలంగీర్ జిల్లాలోని కాంటాబంజి, టిట్లాగఢ్ వైపు పనిచేసే సంఘం ఒకదానితో రైలెక్కే ముందే మాట్లాడి, పత్రాల నకళ్లు వాళ్లకు పంపండి. అక్కడి కలెక్టర్‌కు ఇక్కడి కలెక్టర్ ఉత్తరం వెళ్లిందో లేదో పదిహేను రోజుల్లో అడగండి, చాలా ఫైళ్లు ఆ రెండు రాష్ట్రాల మధ్యే ఆగిపోతాయి. ఉపాధి హామీ కార్డు, రేషను కార్డు, పిల్లల బడి, బ్యాంకు ఖాతా ఈ వరసలో చూడాలి. అసలు పత్రం ఇంట్లోని మహిళ దగ్గర ప్లాస్టిక్ కవరులో ఉండాలి, రెండు నకళ్లు మీ దగ్గర ఉండాలి. నువాఖాయికి నెల ముందు ఫోన్ చేసి, సర్దార్ వచ్చాడా, ఎంత ఇస్తానంటున్నాడు అని అడగండి. మళ్లీ పనికే వెళ్లాలనుకుంటే అడ్వాన్సు తీసుకోకుండా, నెల కూలి ఖాతాలో వేసే బట్టీ ఏదో చెప్పగలిగేలా ఆ జాబితా మీ దగ్గర సిద్ధంగా ఉంచుకోండి.